ఫాంటసీ రోల్ ప్లేయింగ్ గేమ్: పాత్రలు, కథాలోకం సిద్ధం చేసుకోవడం ఎలా?

ఘాజియాబాద్: ఒక నది, నాలుగు ద్వారాల కోటగోడ, 120 గదుల సరాయి, దూరదేశాల బాటసారులు నడిచే రాజమార్గం. ఆన్‌లైన్‌లో ఫాంటసీ రోల్ ప్లేయింగ్ గేమ్ ఆడదలచిన బృందం తొలిరోజు కూర్చుని ఊహించుకునే లోకం సుమారుగా ఇలాగే ఉంటుంది. అయితే ఇది ఊహ కాదు. దేశ రాజధానిని ఆనుకుని ఉన్న ఘాజియాబాద్ నగరం ఈ విధంగానే మొదలైంది. మొఘల్ కొలువులో వజీరుగా ఉన్న ఘాజీ ఉద్దీన్ 1740లో ఈ పట్టణాన్ని నెలకొల్పి దానికి ఘాజీఉద్దీన్‌నగర్ అని పేరు పెట్టాడు. కోసుగా ముగిసే తోరణాలతో 120 గదుల సరాయిని కట్టించాడు. పందొమ్మిదో శతాబ్దంలో రైలు వచ్చిన తరువాత ఆ పొడవాటి పేరు ఘాజియాబాద్‌గా కుదించుకుపోయింది.

పాత్రలను, కథాలోకాన్ని సిద్ధం చేయడమంటే ఎక్కడి నుంచో డ్రాగన్లను, మంచు కోటలను అరువు తెచ్చుకోవడమేనని కొత్తగా ఆటలోకి వచ్చేవారు భావిస్తుంటారు. నిజానికి ఉన్న ఊరినుంచే ఒక లోకాన్ని అల్లుకోవచ్చు. ఆ పని ఎలా జరుగుతుందో, అందులో ఎక్కడ జాగ్రత్త అవసరమో ఘాజియాబాద్‌నే నమూనాగా తీసుకుని చూడవచ్చు.

అవతారం అన్న మాట

రోల్ ప్లేయింగ్ గేమ్ అంటే ఆటగాడు తనది కాని ఒక పాత్రను ధరించి, ఆ పాత్ర చేయదగిన పనులను తాను నిర్ణయిస్తూ కథను ముందుకు నడిపే ఆట. అమెరికాకు చెందిన గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో ప్రచురించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ దీనికి తొలి ప్రసిద్ధ రూపం. బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, నోటితో చెప్పుకునే కథ అది. నాలుగేళ్లకే అది కంప్యూటర్ తెర మీదికి వచ్చింది. ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ 1978లో రూపొందించిన మడ్ అనే ఆటలో అనేకమంది ఏకకాలంలో ఒకే ఊహాలోకంలో సంచరించేవారు. బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. 1997లో అల్టిమా ఆన్‌లైన్, 1999లో ఎవర్‌క్వెస్ట్, 2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆ బాటనే విస్తరించాయి.

తెర మీద ఆటగాడికి ప్రతినిధిగా నిలిచే బొమ్మను ప్రపంచమంతటా అవతార్ అనే పిలుస్తారు. రిచర్డ్ గారియట్ 1985లో విడుదల చేసిన అల్టిమా నాలుగో భాగంలో కథానాయకుడు చేరుకోవలసిన స్థితికి ఆ పేరు పెట్టాడు. లూకాస్‌ఫిల్మ్ సంస్థ రూపొందించిన హాబిటాట్ అనే ఆన్‌లైన్ ఆట, 1980ల మధ్యలోనే తెర మీది మనిషి బొమ్మకు ఆ మాటను వాడింది. దశావతారాల దేశం నుంచి వెళ్లిన పదం, అర్థంలో పెద్దగా మార్పు లేకుండానే, గేమ్‌ల ద్వారా తిరిగి వచ్చింది. వేషం కట్టి, ఆ వేషానికి తగిన మాట మాట్లాడుతూ ఇంటింటికీ తిరిగిన పగటివేషగాళ్లను ఎరిగిన తెలుగు వారికి ఈ ఆటలోని మూలసూత్రం కొత్తది కాదు. ఒక్కటే తేడా. పగటివేషంలో చూసేవారు వేరు, ఆడేవారు వేరు. ఇక్కడ చూసేవారే ఆడతారు.

ఆన్‌లైన్‌లో నేడు ఈ ఆట ప్రధానంగా రెండు తీరుల్లో సాగుతున్నది. సంస్థ తయారు చేసి పెట్టిన లోకంలోకి వేలమందితో కలిసి ప్రవేశించడం ఒకటి. నలుగురైదుగురు మిత్రులు వీడియో కాల్‌లోనో, వాయిస్ చాట్‌లోనో కలుసుకుని, తామే కల్పించుకున్న లోకంలో ఆడడం రెండోది. మొదటి దానిలో ఆటగాడు పాత్రను మాత్రమే సిద్ధం చేసుకుంటాడు. రెండో దానిలో లోకాన్ని కూడా ఎవరో ఒకరు తయారు చేయాలి. ఆ బాధ్యత తీసుకునే వ్యక్తిని గేమ్ మాస్టర్ అంటారు. ఈ వ్యాసం ఎక్కువగా రెండో తీరుకు సంబంధించినది.

ఊరి నుంచి లోకం

గేమ్ మాస్టర్ ముందు ఒక చిన్న పటం గీసుకోవాలి. ఖండాలు, సముద్రాలు, వెయ్యేళ్ల రాజవంశాల పట్టికలు మొదటి రోజుకు అవసరం లేదు. ఒక ఊరు, ఆ ఊరికి రెండు రోజుల నడకలో ఉన్న మూడు నాలుగు చోట్లు చాలు. పాత ఘాజియాబాద్ చుట్టూ గోడ ఉండేది. దానికి ఢిల్లీ గేటు, డాస్నా గేటు, సిహానీ గేటు, షాహీ గేటు అని నాలుగు ద్వారాలు. నాలుగోది స్వాతంత్య్రానంతరం జవహర్ గేటు అయింది. ద్వారాల పేర్లలోనే ఏ దారి ఎటు పోతుందో తెలుస్తుంది. కథాలోకానికి ఇది గొప్ప సౌకర్యం. పాత్రలు ఏ ద్వారం గుండా బయటికి వెళితే ఆ రోజు కథ అటు నడుస్తుంది.

ఊరి పక్కన హిందన్ నది. సహారన్‌పూర్ జిల్లాలో శివాలిక్ కొండల వైపు పుట్టి, పశ్చిమ ఉత్తరప్రదేశ్ గుండా ప్రవహించి యమునలో కలుస్తుంది. దీని పాత పేరు హరనంది. 1857 మే నెలాఖరున ఈ నది వంతెన వద్దనే, ఢిల్లీ నుంచి వచ్చిన సిపాయిల సేనకు, మీరట్ నుంచి బయలుదేరిన బ్రిటిష్ సైన్యానికి రెండు రోజుల పోరు జరిగింది. నేడు అదే నది పరిశ్రమల వ్యర్థాలతో, మురుగుతో నల్లబారి ఉంది. ఫాంటసీ కథకుడు ఈ మూడు వాస్తవాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక ప్రశ్న తనంతట తానే పుడుతుంది. నది ఎందుకు నల్లబడింది? ఎగువన ఎవరో విషం కలుపుతున్నారా, లేక వంతెన దగ్గర పడిపోయిన వారి ఆత్మలు నీటిని వదలడం లేదా? ఏ జవాబు ఎంచుకున్నా కథ బయలుదేరుతుంది. మంచి కథాలోకానికి పటం కన్నా ముందు ఇలాంటి తెగని ప్రశ్న ఒకటి కావాలి.

స్థానిక విశ్వాసాలు మరింత విలువైన ముడిసరుకు. ఘాజియాబాద్‌లోని దూధేశ్వర్‌నాథ్ ఆలయంలో రావణుని తండ్రి విశ్రవసుడు తపస్సు చేశాడని భక్తులు నమ్ముతారు. హిందన్ ఒడ్డుకు చేరువలో, నేటి గౌతమ బుద్ధ నగర్ జిల్లాలో ఉన్న బిస్రఖ్ గ్రామం రావణుని జన్మస్థలమని ప్రసిద్ధి. దేశమంతా దసరాకు రావణ దహనం చేస్తుంటే, తమ ఊరి బిడ్డగా భావించి ఆ గ్రామస్థులు దహనానికి దూరంగా ఉంటారు. ఒకే వ్యక్తి ఒక ఊరికి రాక్షసుడు, పక్క ఊరికి బిడ్డ. కథాలోకంలో రెండు వర్గాలను సృష్టించాలనుకునే గేమ్ మాస్టర్‌కు, ఒకరిని మంచివారిగా మరొకరిని చెడ్డవారిగా ముద్ర వేసే కన్నా ఈ అమరిక ఎన్నో రెట్లు ఎక్కువ పనికి వస్తుంది. అయితే జీవించి ఉన్న విశ్వాసాన్ని పేరుతో సహా ఎత్తి ఆటలో పెట్టడం కన్నా, ఆ అమరికను మాత్రం తీసుకుని పేర్లు మార్చుకోవడం మర్యాద. హిందన్‌ను హరనంది అనో మరో పేరుతోనో పిలిచి, ఊరికి చతుర్ద్వారం అని పేరు పెట్టుకుంటే లోకం సగం సిద్ధమైనట్లే.

తెలుగు సాహిత్యం ఈ విద్యలో వెనుకబడినది ఏమాత్రం కాదు. పదహారో శతాబ్దంలో పింగళి సూరన కళాపూర్ణోదయంలో కథలో కథను ఇమిడ్చి, పూర్వజన్మలను ముడివేసి ఒక కల్పిత లోకాన్ని నిర్మించాడు. మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథల్లో కాశీకి పోయే ఇద్దరు బాటసారులను తీసుకుని, ప్రతి మజిలీకీ ఒక కథ చొప్పున సంపుటాలకు సంపుటాలు నింపారు. వారానికో రోజు కూడి మూడు గంటలు ఆడే ఆన్‌లైన్ బృందానికి ఇంతకన్నా అనువైన చట్రం లేదు. ప్రతి వారం ఒక మజిలీ. ఎవరైనా ఆటగాడు ఆ వారం రాలేకపోతే అతని పాత్ర వెనుక మజిలీలో ఆగిపోయిందనుకోవచ్చు. ఇక చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి నడిపిన జానపద సీరియళ్లు, వాటికి చిత్రా వేసిన బొమ్మలు రెండు మూడు తరాల తెలుగు పిల్లలకు కోటలు, అరణ్యాలు, మాంత్రికుల గుహలు ఎలా ఉంటాయో కళ్లకు కట్టాయి.

ఎంత తయారు చేయాలి?

ఈ ప్రశ్నకు అల్టిమా ఆన్‌లైన్ అనుభవం మంచి సమాధానం. దాని రూపకర్తలు అడవిలో ఒక జీవచక్రాన్ని ఏర్పరచారు. గడ్డిని కుందేళ్లు తింటాయి, కుందేళ్లను తోడేళ్లు తింటాయి, వేట తగ్గితే పెద్ద మృగాలు ఊళ్ల మీదికి వస్తాయి. ఎంతో శ్రమతో చేసిన ఏర్పాటు అది. ఆట తెరుచుకోగానే ఆటగాళ్లు కనిపించిన ప్రతి ప్రాణినీ చంపివేశారు. జీవచక్రం తిరగడానికి జీవులే మిగలలేదు. చివరికి ఆ ఏర్పాటును తొలగించవలసి వచ్చింది. అదే ఆట పరీక్షల దశలో, 1997 ఆగస్టులో, గారియట్ స్వయంగా ధరించిన రాజు పాత్ర ప్రజలకు దర్శనమిస్తుండగా ఒక ఆటగాడు మంటల మంత్రంతో ఆ రాజును హతమార్చాడు. రాజుకు చావు లేకుండా చేసే ఏర్పాటు ఆ పూట అమలులో లేదు.

అందువల్ల అనుభవం ఉన్న గేమ్ మాస్టర్లు లోకాన్ని ముందుగా పూర్తిచేయరు. తరువాతి రెండు సమావేశాలకు సరిపడినంత మాత్రమే సిద్ధం చేసుకుంటారు. ఊరికి పది మంది మనుషుల పేర్లు, ఒక్కొక్కరికి ఒక కోరిక, ఒక రహస్యం. సరాయి యజమాని, ద్వారపాలకుడు, పడవవాడు, వైద్యురాలు, అప్పుల వర్తకుడు. అప్పటికప్పుడు ఎవరో ఒక కొత్త మనిషి అవసరమైతే వాడుకోవడానికి పేర్ల జాబితా ఒకటి విడిగా పెట్టుకుంటారు. ఆటగాళ్లు పది పేజీల చరిత్రను పట్టించుకోకుండా, మాటవరసకు చెప్పిన టీ కొట్టు యజమాని వెంట పడడం ఈ ఆటలో సర్వసాధారణం. దానికి నొచ్చుకునే గేమ్ మాస్టర్ ఎక్కువ కాలం నిలవడు.

లోకానికి కొన్ని నియమాలను మాత్రం ముందే తేల్చుకోవాలి. మంత్రం ఎవరికి సాధ్యం, దానికి మూల్యం ఏమిటి? చనిపోయిన వారు తిరిగి రాగలరా? తుపాకీ ఉందా, లేదా? ఊళ్లో నాణెం విలువ ఎంత, సరాయిలో ఒక రాత్రి బసకు ఎన్ని నాణేలు? ఈ చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కాని, దాన్ని వదిలేసిన ఆటల్లో మూడో వారానికే ఆటగాళ్లు రాజులకన్నా ధనవంతులైపోయి, సాహసానికి వెళ్లవలసిన అవసరం లేకుండా కూర్చుంటారు.

పాత్ర: అంకెలు, ఆపై మనిషి

డంజన్స్ అండ్ డ్రాగన్స్ పద్ధతిలో ప్రతి పాత్రకూ ఆరు గుణాలు ఉంటాయి. బలం, చురుకుదనం, దేహదారుఢ్యం, బుద్ధి, వివేకం, ఆకర్షణ. ఈ ఆరింటికి అంకెలు కేటాయించడానికి అందరికీ సమానమైన ఒక వరుస ఉంది: 15, 14, 13, 12, 10, 8. ఏ అంకె దేనికి ఇవ్వాలన్నది ఆటగాడి ఇష్టం. గుణం అంకెలోంచి పది తీసివేసి, మిగిలినదాన్ని రెండుతో భాగించి, కిందికి సరిచేస్తే వచ్చేది ఆ గుణం మార్పుసంఖ్య. ఆ లెక్కన 15కు రెండు కలుస్తాయి, 8కి ఒకటి తగ్గుతుంది. పని చేయదలచినప్పుడు ఇరవై ముఖాల పాచిక వేసి, వచ్చిన అంకెకు మార్పుసంఖ్యను కలుపుతారు. ఆ పనిలో పాత్రకు శిక్షణ ఉంటే మొదటి స్థాయిలో మరో రెండు కలుస్తాయి. మొత్తం, గేమ్ మాస్టర్ నిర్ణయించిన కష్టం అంకెను అందుకుంటే పని జరిగినట్లు.

ఒక ఉదాహరణ. చతుర్ద్వారం సరాయిలో దిగిన ఒక దుబాసిని ఊహించుకుందాం. పేరు తిమ్మన. గోల్కొండ రత్నాల వర్తకుల వెంట ఉత్తరాదికి వచ్చి, ఇక్కడే ఉండిపోయాడు. ఆకర్షణ 15, బుద్ధి 14, వివేకం 13, చురుకుదనం 12, దారుఢ్యం 10, బలం 8. ద్వారపాలకుని ఒప్పించి రాత్రివేళ గేటు తెరిపించడం 15 కష్టమున్న పని అనుకుంటే, ఒప్పించడంలో శిక్షణ ఉన్న తిమ్మనకు నాలుగు కలుస్తాయి. పాచికలో 11 లేదా అంతకు మించి పడితే చాలు, అంటే సగానికి సగం అవకాశం. అదే గేటును భుజంతో బద్దలు కొట్టాలంటే 16 లేదా ఆపైన పడాలి. నాలుగింట ఒక వంతు అవకాశం మాత్రమే. ఈ అంకెలు తిమ్మన ఎవరో చెప్పవు కాని, అతడు ఇబ్బందిలో పడినప్పుడు మొదట ఏం చేస్తాడో చెబుతాయి. మాట్లాడతాడు.

మనిషి ఎవరన్నది అంకెల తరువాతి పని. ఇక్కడ తెలుగువారికి అందరికన్నా బాగా తెలిసిన పాఠం 1951లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో వచ్చిన పాతాళ భైరవి చిత్రం. పింగళి నాగేంద్రరావు రచనలో తోట రాముడు ఉద్యానవనంలో పనిచేసే తల్లి కొడుకు. రాకుమారిని ప్రేమించాడు. ఆమెను పొందాలంటే రాజుతో సరితూగే సంపద కావాలి. నేపాళ మాంత్రికుడికి కోరిన కోరికలు తీర్చే ప్రతిమ కావాలి. దానికోసం సాహసవంతుడైన యువకుని బలి ఇవ్వాలి. ఇద్దరి కోరికలూ ఒకే గుహకు దారి తీస్తాయి. రాముడి పూర్వకథ అంతా రెండు వాక్యాలే. అయినా అతడు ఏ క్షణంలో ఏం చేస్తాడో ప్రేక్షకునికి సందేహం ఉండదు. ఆన్‌లైన్ ఆటలో పాత్రకు పది పేజీల గతాన్ని రాసుకుని వచ్చే ఆటగాళ్లు గమనించవలసిన విషయం ఇది. ఆ పది పేజీలను తక్కిన నలుగురు చదవరు. ఏం కావాలి, దేనికి భయం, ఎవరికి బాకీ అన్న మూడు ప్రశ్నలకు సమాధానం ఉంటే చాలు. నాలుగోది ఒకటి చేర్చుకుంటే మరీ మంచిది: బృందంలోని మరో పాత్రతో ముందే ఉన్న ఒక బంధం. తిమ్మన సరాయి వైద్యురాలికి ప్రాణాలు బాకీ ఉన్నాడనుకుంటే, వారిద్దరూ మొదటి రోజున ఒకరినొకరు పరిచయం చేసుకునే ఇబ్బందికర సన్నివేశం తప్పుతుంది.

బృందంలో పనుల విభజన కూడా ముందే చూసుకోవాలి. భారీ ఆన్‌లైన్ గేమ్‌లలో దెబ్బలు కాచుకునేవాడు, గాయాలు మాన్పేవాడు, శత్రువును దెబ్బతీసేవాడు అన్న మూడు బాధ్యతలు స్థిరపడ్డాయి. మిత్రబృందాల ఆటలో అంత కచ్చితత్వం అవసరం లేదు. అయితే నలుగురూ మాంత్రికులే అయితే మొదటి తోడేళ్ల గుంపు దగ్గరే కథ ముగుస్తుంది.

దేవతలు పాత్రలైతే

భారతీయ నేపథ్యంతో లోకాన్ని నిర్మించేవారికి ఎదురయ్యే చిక్కుముడి ఇది. హైదరాబాద్‌కు చెందిన అరోనా టెక్నాలజీస్ రూపొందించగా 2009లో సోనీ ప్లేస్టేషన్ 2 కోసం విడుదలైన హనుమాన్: బాయ్ వారియర్, ఇంటి కన్సోల్ కోసం పూర్తిగా భారతదేశంలో తయారైన తొలి గేమ్‌గా గుర్తింపు పొందింది. హనుమంతుని ఆటగాడి చేతి మీట ఆడించడం పట్ల అమెరికాలోని హిందూ ప్రతినిధి రాజన్ జెడ్ అభ్యంతరం తెలిపారు. 2012లో అమెరికాకు చెందిన హై-రెజ్ సంస్థ గేమ్ స్మైట్‌లో కాళికాదేవి చిత్రణ విషయంలోనూ ఆయన నిరసన తెలిపారు. ఇలాంటి వివాదంలో రెండు ప్రశ్నలు కలిసిపోతుంటాయి. రూపం గౌరవప్రదంగా ఉందా అన్నది ఒకటి. దైవం గెలుపోటములకు, మరణానికి లోబడి మరొకరి చేతి కదలికకు కట్టుబడవచ్చా అన్నది రెండోది. రెండోదానికి చిత్రకారుడు ఎంత నైపుణ్యం చూపినా పరిష్కారం దొరకదు.

హైదరాబాద్‌కే చెందిన ఓగర్ హెడ్ స్టూడియో 2017లో విడుదల చేసిన అసుర వేరే దారి పట్టింది. అందులో ఆటగాడు దేవత కాదు, పురాణ ఛాయలున్న కల్పిత అసురుడు. పుణేకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ 2020లో తెచ్చిన రాజీ: యాన్ ఏన్షియెంట్ ఎపిక్‌లో కథానాయిక ఒక మామూలు బాలిక. దేవతలు ఆమెకు అండగా ఉంటారు, కథను వ్యాఖ్యానిస్తారు, ఆటగాడి చేతికి చిక్కరు. మిత్రబృందం ఆడుకునే ఆటకు కూడా ఇదే అనువైన ఏర్పాటు. దేవతలు వరమిచ్చేవారుగా ఆట వెలుపల ఉంటారు. పాత్రలు మాత్రం తప్పులు చేయగల మనుషులు. పైగా కథకు ఇదే లాభం, తప్పు చేయలేని పాత్రతో ఆట రక్తి కట్టదు.

తొలి సమావేశం

పాచికలు వేయకముందే జరిగే సమావేశాన్ని ఆటగాళ్లు సెషన్ జీరో అంటారు. పాత్రలను అందరూ కలిసి తయారు చేసుకునేది ఇక్కడే. కథ ఏ ధోరణిలో ఉండాలి, ఎన్ని వారాలు సాగాలి, ఏ విషయాలు కథలోకి రాకూడదు అన్నది కూడా ఇక్కడే తేల్చుకుంటారు. గీతలు, తెరలు అన్న పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. గీత దాటి ఆ విషయం కథలోకి రాదు. తెర చాటున మాత్రం జరిగినట్లు అనుకోవచ్చు, వర్ణించరు. పసిపిల్లలపై హింస కొందరికి గీత, మరికొందరికి తెర. అపరిచితులతో ఆడుతున్నప్పుడు ముఖకవళికలు కనిపించవు కనుక ఈ ఏర్పాటు ఎదురెదురుగా ఆడే ఆటలో కన్నా ఆన్‌లైన్‌లోనే ఎక్కువ అవసరం.

సాధనాల విషయంలో పెద్ద ఖర్చు ఉండదు. మాటల కోసం డిస్కార్డ్, పటాలకు, పాచికలకు రోల్20 వంటి వేదికలు ఉన్నాయి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూల నియమాల పత్రాన్ని దాని యాజమాన్యం 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ అనుమతి కిందకు తెచ్చింది. అందువల్ల ఆ నియమాలను, మూలాన్ని పేర్కొంటూ, తెలుగులోకి అనువదించి పంచుకోవడానికి కూడా అడ్డంకి లేదు. ఘాజియాబాద్, హైదరాబాద్, న్యూజెర్సీల్లో ఉన్న మిత్రులు కలిసి ఆడేటప్పుడు ఒక చిన్న చిక్కు వస్తుంది. అమెరికాలో మార్చి, నవంబరు నెలల్లో గడియారాలు మారతాయి. మన సమయంతో తేడా తొమ్మిదిన్నర గంటల నుంచి పదిన్నరకు, మళ్లీ వెనక్కు జరుగుతుంది. ఏటా ఆ రెండు వారాల్లో ఎవరో ఒకరు గంట ముందో, గంట తరువాతో వచ్చి ఖాళీ గదిలో కూర్చుంటారు.

వేషం వెనుక మనిషి

2023లో ఘాజియాబాద్ పోలీసులు నమోదు చేసిన ఒక కేసు ఆన్‌లైన్ గేమ్‌ల మీద దేశవ్యాప్త చర్చకు దారితీసింది. గేమ్ ద్వారా, దానికి అనుబంధంగా వాడే చాట్ వేదిక ద్వారా మైనర్లతో పరిచయం పెంచుకుని వారిని మతమార్పిడి దిశగా ప్రభావితం చేశారన్నది ఫిర్యాదు. నగరంలోని కవి నగర్ పోలీసు స్టేషన్‌లో కేసు నమోదైంది. మహారాష్ట్రలో ఒక నిందితుని అరెస్టు చేశారు. చాట్‌లో మారుపేర్లు వాడినట్లు పోలీసులు ఆరోపించారు. ఇవి ఆరోపణలు. అయితే కేసు ఎటు పోయినా, పాత్ర వేషం ధరించడం నియమమైన చోట, వేషం వెనుక ఎవరున్నారో తెలుసుకునే మార్గం ఆటలో ఉండదన్న సంగతి మిగులుతుంది. తెర మీద పదేళ్ల యువరాణి అవతల నలభై ఏళ్ల మనిషి కావచ్చు. ఆటకు అది దోషం కాదు, పరిచయానికి మాత్రం ప్రమాదం.

పిల్లలు ఆడే ఇళ్లలో పాత్రను సిద్ధం చేసే దశలోనే కొన్ని పనులు చేయవచ్చు. పాత్రకు పిల్లల అసలు పేరు, పుట్టిన సంవత్సరం, పాఠశాల, కాలనీ పేరు కలిసిరాకూడదు. ఇందిరాపురం కుర్రవాడు తన పాత్రకు ఇందిరాపురం వీరుడని పేరు పెట్టుకోవడం సరదాగానే ఉంటుంది, అపరిచితుడికి మాత్రం సగం చిరునామా చేతికి ఇచ్చినట్లే. వాయిస్ చాట్ తెలిసిన బృందానికే పరిమితం చేయాలి. ఆటలో మొదలైన సంభాషణను వేరే యాప్‌కు మార్చుదామని ఎవరైనా అడిగితే అది పెద్దలకు చెప్పవలసిన విషయమని పిల్లలకు ముందే తెలియాలి. డిస్కార్డ్ కనీస వయసు 13 ఏళ్లు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ బాలలుగానే పరిగణిస్తుంది. వారి సమాచారం సేకరించడానికి తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతి ఉండాలని చెబుతుంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, అమలు దశలవారీగా ఉంటుంది.

డబ్బు విషయంలో చట్టం మరింత స్పష్టంగా ఉంది. ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. పందెం కట్టి, డబ్బు గెలుచుకునే ఆశతో ఆడే ఆన్‌లైన్ ఆటలను, అవి నైపుణ్యంతో కూడినవైనా అదృష్టం మీద ఆధారపడినవైనా, ఆ చట్టం నిషేధిస్తుంది. అలాంటి ఆటను నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ఈ-స్పోర్ట్స్‌కు, వినోదం కోసం ఆడే సామాజిక గేమ్‌లకు మాత్రం ప్రోత్సాహం ఉంది. పందెం స్వభావం లేని చందా, ప్రవేశ రుసుములను అనుమతిస్తుంది. పాత్రలతో కథ అల్లుకునే ఆటలు సహజంగా రెండో కోవకు చెందుతాయి. అయితే గేమ్‌లోని ఖడ్గాన్నో, కవచాన్నో డబ్బుకు అమ్ముతామని సందేశాలు పంపి ముందుగా యూపీఐ చెల్లింపు కోరడం వేరే సంగతి. డబ్బు పోయినవారు ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి. పిల్లల రక్షణకు సంబంధించిన ఫిర్యాదులకు 1098 ఉంది.

పేర్ల మీద హక్కు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ తొలి సంచికల్లో హాబిట్ అన్న జాతి ఉండేది. టోల్కీన్ రచనలకు సంబంధించిన హక్కుదారులు అభ్యంతరం చెప్పడంతో 1977లో ఆ మాటను తొలగించి హాఫ్‌లింగ్ అని మార్చారు. మిత్రుల మధ్య ఆడుకునేంతవరకు ఎవరి పాత్రను అరువు తెచ్చుకున్నా అడిగేవారు లేరు. కథాలోకాన్ని పుస్తకంగానో, చెల్లింపు గేమ్‌గానో ప్రచురించాలనుకున్న నాడు ప్రశ్న వస్తుంది. భారత కాపీరైట్ చట్టం ప్రకారం సాహిత్య రచనపై హక్కు రచయిత మరణించిన తరువాతి సంవత్సరం ఆరంభం నుంచి 60 ఏళ్లు ఉంటుంది. పింగళి సూరన కల్పనలు అందరివీ. చందమామ సీరియళ్లలోని పాత్రలు అలా కావు. పాత ఊళ్ల పేర్లకు, నదులకు, ద్వారాలకు హక్కుదారులు లేరు. ఘాజియాబాద్ పాత బజారుకు వెళ్లి జవహర్ గేటు కింద నిలబడి, లోపలికి పోయే సందులు ఎన్నో లెక్కపెట్టుకుని వచ్చే గేమ్ మాస్టర్‌కు ఎవరి అనుమతీ అక్కరలేదు.